ఏ ఆపరేషన్ అమ్మా?

నా చేతిరాత బాగుంటుంది. ఈ మాట ముందే చెప్పేస్తే, ఆ తరవాత నేను చేసిన తప్పు ఎంత అందంగా చేశానో మీకు తెలుస్తుంది. చిన్నప్పుడు కాకినాడ బళ్ళో నోటీసు బోర్డు మీద సూక్తులు రాసే పని నాదే. 2003లో మా ఆయన వెంట గల్ఫ్‌లోని ఫుజైరా వచ్చాను. ఆయన ఓడలకు ఇంధనం నింపే కంపెనీకి పొద్దున్నే వెళ్ళిపోతే, ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక, పోర్టుకు పోయే రోడ్డు మీదున్న చిన్న క్లినిక్‌లో కౌంటరు ఉద్యోగంలో చేరాను. నా చదువు చూసి ఇవ్వలేదు ఆ ఉద్యోగం. దరఖాస్తులో అక్షరాలు చూసి డాక్టరుగారు ముచ్చటపడ్డారని తరవాత సిస్టరు చెప్పింది.

క్లినిక్‌లో మేం ముగ్గురమే. డాక్టరుగారు అరవై దాటిన ఉత్తరాది మనిషి, మాట తక్కువ. సిస్టరు మలయాళీ, మాట ఎక్కువ. నేను మధ్యలో. క్వారీల్లో పనిచేసేవాళ్ళు దగ్గుతో వచ్చేవారు, ఓడల మీద వాళ్ళు నడుం నొప్పితో వచ్చేవారు, ఇళ్ళల్లో పనికి కుదిరిన ఆడవాళ్ళు అన్ని నొప్పులతోనూ వచ్చేవారు. హిందీ అందరికీ వచ్చు, ఎవరికీ సరిగ్గా రాదు. కడప వైపు నుంచో నెల్లూరు వైపు నుంచో ఎవరైనా వస్తే సిస్టరు నా కౌంటరు వైపు చెయ్యి చూపించేది. ఆ చెయ్యి చూపించినప్పుడల్లా నాకు ఒక అంగుళం పొడవు పెరిగినట్టుండేది. వాళ్ళ మాట నేను దిద్దేదాన్ని కూడా. "యాడ" అంటే "ఎక్కడ" అనేదాన్ని, "ల్యాదు" అంటే "లేదు" అనేదాన్ని. మా గోదావరి వాళ్ళకి ఈ జబ్బు ఒకటుంది. దానికి ఆ క్లినిక్‌లో మందు లేదు.

2005లో, ఎండలు కాస్త తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒకామె భుజం నొప్పి అని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. కడప జిల్లా. మసాఫీ దారిలో కొండల దగ్గర ఒక అరబ్బుల ఇంట్లో పని. ఇద్దరు పిల్లలు ఊళ్ళో తండ్రి దగ్గర ఉన్నారు. డాక్టరుగారి గదిలోకి వెళ్ళి భుజం చూపించింది, మాత్రలు రాయించుకుంది, బయటికి వచ్చింది. వచ్చి కౌంటరు దగ్గరే నిలబడిపోయింది. నా చేతిలో చీటీ ఉంది, ఆమె తీసుకోదు.

"ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నాను.

"ఉండాది మేడం. డాక్టరు ఆయప్పకు ఎట్ల సెప్పాల?"

కుడి రొమ్ములో గడ్డ. రెండు నెలల నాడు స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. నొప్పి లేదు కాబట్టి పోతుందిలే అనుకుందట. పోలేదు. "మామాకు సెప్పినా. మామానే తోలకొచ్చె," అంది.

నేను తల ఎత్తి చూశాను. "మీ మావయ్యగారు కూడా ఇక్కడే ఉన్నారా?"

ఆమె బిత్తరపోయింది. సిస్టరు పకపకా నవ్వింది. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు, అంటే అమ్మ అని. రెండేళ్ళుగా వింటున్నదే, అయినా తెలుగు వాక్యంలో పడేసరికి నా బుర్ర మావయ్య దగ్గరికి పోయింది. ఆ రోజే నాకు జ్ఞానోదయం కావలసింది. ఒక మాట వాక్యం మారితే మనిషి మారిపోతాడని ఆ రోజే తెలుసుకుని ఉంటే, కాసేపటికే చేసిన రెండో తప్పు చేసేదాన్ని కాదు.

బయట కారులో కూర్చున్న మామా లోపలికి వచ్చింది. యాభై ఐదేళ్ళ మనిషి, ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పిందట. ఆ చూపులో ఇంకా బెత్తం ఉంది. డాక్టరుగారు మగాయన కాబట్టి మా కడపామె ఆయన్ను చూడనివ్వలేదు. సిస్టరే తెర వెనక, కమీజు పైనుంచి, తడిమి చూసింది. ఉసిరికాయంత ఉంది, గట్టిగా ఉంది అని చెప్పింది. డాక్టరుగారు ఇంకేమీ అడగలేదు. కొండలకు అవతల పెద్ద ఆసుపత్రిలో ఇలాంటి గడ్డలకే ఆపరేషన్లు చేసే సర్జను ఉన్నారు, ఆవిడకు ఉత్తరం రాస్తాను అన్నారు. ఆ ఉత్తరంతో పాటు రెండు పేజీల ఫారం పంపాలి. అది నింపాల్సింది నేను.

ఆ ఫారంలో తొమ్మిదో ప్రశ్న నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఈ జబ్బుకు ఇదివరకు ఆపరేషన్ జరిగిందా, జరిగితే ఎక్కడ, ఎప్పుడు అని. కౌంటరు ముందు ఇంకో ఐదుగురు నిలబడి ఉన్నారు. ఫోను మోగుతోంది. ప్రశ్నలో ముందు సగం నాకు అనవసరంగా కనిపించింది.

"ఆపరేషన్ అయిందా?"

"అయిపాయ మేడం."

"ఎక్కడ?"

"మా ఊరి పక్కనే, గవర్మెంటు ఆస్పత్రిలో."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లయితాది."

రాసేశాను. కడప జిల్లా, ప్రభుత్వ ఆసుపత్రి, నాలుగేళ్ళ క్రితం. ప్రతి అక్షరం ముత్యంలా ఉంది.

తెలుగు తెలిసినవాళ్ళకి ఇక్కడికే అర్థమైపోయి ఉంటుంది. మన ఊళ్ళల్లో ఆడమనిషిని ఆపరేషన్ అయిందా అని అడిగితే ఒకటే ఆపరేషన్. రైల్లో ఎదురు సీటులో కూర్చున్న పెద్దావిడ మూడే ప్రశ్నలు అడుగుతుంది: ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఆపరేషన్ అయిందా. పిల్లలు చాలనుకుని చేయించుకునేదానికి వేరే పేరు లేదు. ఇది నాకు తెలియక కాదు. నన్నే రైళ్ళల్లో అడిగారు. కానీ కౌంటరు వెనక కూర్చుని ఇంగ్లీషు ఫారం ముందు పెట్టుకునేసరికి నా నోట్లో తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం వచ్చేసింది. ఆమె నోట్లో మాత్రం అది తెలుగు మాటగానే ఉంది.

పది రోజులకు పెద్ద ఆసుపత్రి నుంచి జవాబు వచ్చింది. నాలుగేళ్ళ క్రితం కోసిన గడ్డ మళ్ళీ వచ్చినట్టుంది కాబట్టి, అప్పుడు ఏం తీశారో, పరీక్షలో ఏమని తేలిందో ఆ కాగితాలు పంపండి, అవి చూసి తారీకు ఇస్తాం అని. వాళ్ళ మాటలో తప్పేముంది? నేను ఆ ఇంటికి ఫోను చేసి, మీ ఆయనతో ఆ ఆపరేషన్ కాగితాలు తెప్పించు అని చెప్పాను.

"దానికీ దీనికీ ఏం సమ్మందం మేడం?" అంది.

దేవుడు నాకు ఇచ్చిన అవకాశం అది. చేతికి అందించాడు. నేనేమన్నానో తెలుసా? "పెద్ద పెద్ద డాక్టర్లు అడుగుతున్నారు. సంబంధం ఏమిటో వాళ్ళకి తెలుస్తుంది. నీకూ నాకూ ఎందుకు? చెప్పింది చెయ్యి." ఆమె "సరే మేడం" అంది. చదువుకున్న మనిషిని కదా, నా మాట నమ్మింది.

ఇక ఎదురుచూపులు. ఆ కాగితం కోసం ఆమె భర్త ఆసుపత్రి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళ నాటి రిజిస్టరు ఇంకో ఊరికి పోయిందన్నారు. సంతకం పెట్టాల్సిన డాక్టరు సెలవులో ఉన్నాడన్నారు. అతనికి పక్క కొట్టు నంబరొకటి ఉండేది. రెండు రోజులకోసారి నేనే ఫోను చేసేదాన్ని.

"ఒక్క కాగితం తెచ్చుకోలేవా? నీ భార్య ప్రాణం కదయ్యా!" అని అరిచాను ఒకసారి.

"దినామూ పోతాండా మేడం. రేపు రా, రేపు రా అంటాండారు. నేనేం జేసేది?" అన్నాడు. గొంతులో ఏడుపు ఉంది. పని మానుకుని, అక్కర్లేని కాగితం కోసం, బస్సు ఎక్కి దిగుతున్న మనిషి మీద అరిచాను నేను. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఇంట్లో నా చిరాకు చూసి మా ఆయన, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కాగితం తెచ్చుకోవాల్సిన వాళ్ళే నిమ్మకు నీరెత్తినట్టుంటే నువ్వెందుకు ఊగిపోతావు?" అనేవాడు. ఊగిపోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ ఒప్పందం అయిపోవస్తోంది. సంక్రాంతి దాటాక ఆమె ఊరికి పోవాలి, టికెట్టు కూడా వచ్చేసింది. ఊరికి పోయాక చూపించుకోవచ్చుగా అని నేను ఒకసారి అన్నాను. దానికామె చెప్పిన జవాబు నేను మరిచిపోలేదు.

"ఊరికి పోతే నేను రోగిష్టిదాన్ని గాదు మేడం, ఇంటిదాన్ని. కసువు ఊడ్సాల, బిడ్డలకు వండాల. ఇంత గెడ్డ కోసం తిరప్తికో హైదరాబాదుకో ఎవురు తోలకపోతారు? అది పెద్దదై నన్ను పండబెట్టినాకనే తోలకపోతారు."

ఇదీ అసలు సంగతి. ఈ రెండు నెలల్లో ఇక్కడ ఆపరేషన్ జరిగితే జరిగినట్టు, లేకపోతే లేదు. మామా ఆమెకు ఆరోగ్య కార్డు చేయించింది, కారు ఉంది, రోడ్డు ఉంది, కొండలకు అవతల సర్జను ఉంది. అన్నీ ఉన్నాయి, మధ్యలో ఒక కాగితం అడ్డం పడుకుంది. నాలుగో వారంలో సిస్టరు మళ్ళీ తడిమి చూసి, నా వైపు తిరిగి, కొంచెం పెరిగినట్టుంది అంది. సిస్టరు ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఐదు వారాలు నిండాక, ఒక మధ్యాహ్నం, ఫ్యాక్సు మిషను గరగరమంది. కాగితం చుట్టలు చుట్టుకుంటూ బయటికి వచ్చింది. మూలన గవర్నమెంటు ముద్ర, తెలుగు అక్షరాలు. హమ్మయ్య, వచ్చేసింది అనుకుంటూ చుట్ట విప్పి చదివాను. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నట్లు ధ్రువీకరణ. పేరు ఆమెదే. ఊరు ఆమెదే. బతికున్న పిల్లలు ఇద్దరు.

ఒకసారి చదివి, వేరే కాగితం పంపాడు తెలివితక్కువవాడు అనుకున్నాను. నా పొగరు చూడండి. రెండోసారి చదువుతుండగా తొమ్మిదో ప్రశ్న గుర్తొచ్చింది. దానికీ దీనికీ ఏం సమ్మందం మేడం అన్న మాట గుర్తొచ్చింది. భయపడటం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆ కాగితం ఎవరికీ చూపించకుండా చించేసి, ఫారం కొత్తగా రాసి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది అని కూడా ఒక నిమిషం అనిపించింది. అనిపించిందని ఒప్పుకుంటున్నాను. కానీ కొత్త ఫారం పంపితే మళ్ళీ పది రోజులు. ఆ పది రోజుల లెక్కే నన్ను కుర్చీలోంచి లేపింది, నా మంచితనం కాదు.

డాక్టరుగారి గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన కాగితం వైపు చూశారు. తెలుగు రాదు కదా, నేను చదివి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. టెలిఫోను నా వైపు జరిపి, "నువ్వే మాట్లాడు. ఇప్పుడే," అన్నారు. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ఆ ఫోను జరిపిన చెయ్యే కనిపిస్తుంది. తిట్టి ఉంటే నేను ఏడుస్తూ ఇంటికి పోయేదాన్ని, పని అక్కడే ఆగిపోయేది.

సర్జను లైన్లోకి రావడానికి చాలాసేపు పట్టింది. నల్లగా సన్నగా ఉండే సూడాన్ మనిషి అని తరవాత చూసి తెలుసుకున్నాను. అప్పటికి గొంతు మాత్రమే. తప్పు నాది, మా భాషలో ఆ మాటకు వేరే అర్థం ఉంది, ప్రశ్న నేను సగం కోసి అడిగాను అని చెప్పాను.

"అంటే ఆ రొమ్ము మీద ఇప్పటివరకు ఎవరూ కత్తి పెట్టలేదు?"

"లేదు డాక్టర్."

"శనివారం పొద్దున్న తీసుకురండి. మీరు కూడా రండి. ఈసారి పూర్తి ప్రశ్నలు అడుగుదాం." ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు ఉంది. హాయిగా భరించాను.

ఆ సాయంత్రమే మామా ఇంటికి వెళ్ళాను. ఫోనులో చెప్పే సంగతి కాదు కదా. హాల్లో ముగ్గురం కూర్చున్నాం. మామాకు హిందీలో, ఈమెకు తెలుగులో, ఒకే తప్పు రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. తెలుగులో చెప్పడం కష్టమైంది. చెప్పడం అయ్యాక ఆమె నా ముఖంలోకి చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. చున్నీ కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది.

"అందుకనా మేడం మా ఆయన్ను ఆ కాయితం కోసరం అన్ని దినాలు తిప్పితివి! ఆ నర్సమ్మ ఏమనుకుని ఉంటాదో! పెండ్లాము దుబాయ్‌లో ఉంటే ఈనికి ఈ కాయితం ఎందుకబ్బా అని!"

నాకు నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. "నన్ను క్షమించమ్మా, నీవి ఐదు వారాలు పోగొట్టాను," అన్నాను.

"నువ్వు అడిగింది సరిగ్గానే అడిగితివి, నేను సెప్పింది సరిగ్గానే సెప్తి. మాటే మోసం జేసె. ఏడ్వొద్దు అక్కా." మేడం పోయి అక్కా అయ్యాను ఆ రోజు.

మామా మాత్రం నవ్వలేదు. "ఐదు వారాలు," అని అరబ్బీలో తనలో తాను అనుకుంది. ఎక్కువ గోల ఎందుకని టికెట్టు ముందుకు జరిపి ఊరికి పంపేస్తుందేమో అనుకున్నాను. అలా పంపేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆవిడ తరవాత వచ్చీరాని హిందీలో చెప్పింది. తన తల్లికి కూడా ఇలాగే గడ్డ వచ్చిందట. అప్పటికి ఈ కొండల్లో రోడ్డు లేదట. రోడ్డు పడి, ఆసుపత్రి వచ్చేసరికి తల్లి లేదట. "ఇప్పుడు రోడ్డు ఉంది," అంది. "ఖలాస్, ఇక మాటల్లేవు. శనివారం ఎన్నింటికి?"

శనివారం తెల్లవారుతూనే బయల్దేరాం. మామా ముందు సీట్లో, మేమిద్దరం వెనక. మా ఊళ్ళో కొండ అంటే పచ్చగా ఉండాలి. ఇవి ఎండిపోయిన కొండలు, వాటి మధ్య మెలికలు తిరిగే నల్లటి రోడ్డు. ఎన్నోసార్లు ఆ దారిన బట్టలు కొనడానికి షార్జా పోయాను, ఎప్పుడూ ఆ రోడ్డుకు దండం పెట్టాలనిపించలేదు. ఆ రోజు అనిపించింది. ఎవరు వేశారో, ఏ ఊరి కూలీలు ఎంత ఎండలో తవ్వారో, వాళ్ళందరినీ మనసులో తలుచుకున్నాను.

సర్జను ముందుగా కాగితాలు చూడలేదు. మా కడపామెను మంచం మీద కూర్చోబెట్టి నాతో, "తన ఒంటి మీద ఎక్కడెక్కడ కోశారో వేలు పెట్టి చూపించమనండి," అంది. అంతే. ఏ భాషలోనైనా అడగొచ్చు ఆ ప్రశ్న. మా ఆమె బొడ్డు కింద చిన్న మచ్చ మీద వేలు పెట్టి, "ఇదొక్కటే," అంది. సర్జను వంగి ఆ మచ్చ చూసి, నా వైపు చూసి, పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందని నాకు తెలుసు. నేను నేల వైపు చూశాను.

సూది పరీక్ష ఆ రోజే చేశారు. క్యాన్సరే. అయినా చిన్నది, కోసి తీయగలిగినది. రెండు వారాల లోపల ఆపరేషన్‌కు తారీకు ఇచ్చారు. రొమ్ము మొత్తం తీసేస్తారా అని మా ఆమె అడిగించింది. గడ్డ, దాని చుట్టూ కొంత, చంక కింద కొంత తీస్తే చాలని సర్జను కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మా ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తరవాత నా చెవిలో అంది.

"ఇంటికి ఫోన్లో ఏమని సెప్పాల అక్కా? ఆపరేషన్ అంటే మళ్ళానా అంటారు."

ఇద్దరం పగలబడి నవ్వాం. మామా వెనక్కి తిరిగి, ఏమిటని అడిగింది. ఆవిడకు హిందీలో అది చెప్పగల శక్తి నాకు లేదు.

ఆపరేషన్ రోజున మామా వెయిటింగు హాల్లో జపమాల తిప్పుతూ కూర్చుంది. పక్కన నేను ఆంజనేయ దండకం గొణుక్కుంటూ కూర్చున్నాను. ఒకరి దేవుడికి ఇంకొకరి భాష రాదు, అయినా ఇద్దరికీ పని చెప్పాం. మధ్యాహ్నానికి సర్జను బయటికి వచ్చింది. బాగా జరిగింది అంది. కొన్ని రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. చంక కిందకి పాకలేదు. మామా నన్ను రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నాకు తెలిసి నా నుదుటి మీద ముద్దు పెట్టిన వాళ్ళలో మా అమ్మ తరవాత ఆవిడే.

నేను మాత్రం సర్జనును ఒంటరిగా పట్టుకుని అడిగేశాను. "ఆ ఐదు వారాల వల్ల నష్టం జరిగిందా డాక్టర్?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "తెలియదు. ముందే వస్తే మంచిదే. ఇప్పుడైనా వచ్చింది. అసలు రానివాళ్ళనే నేను ఎక్కువ తలుచుకుంటూ ఉంటాను," అంది. ఓదార్చడానికి ఒక అబద్ధం చెప్పకపోయినందుకు నేను ఆవిడకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని. చెప్పి ఉంటే హాయిగా మరిచిపోయేదాన్ని. మరిచిపోయి మళ్ళీ అదే కౌంటరు వెనక అదే సగం ప్రశ్న అడిగేదాన్ని.

క్లినిక్‌కి తిరిగి వచ్చాక ఒక తెల్ల కాగితం మీద మనిషి బొమ్మ గీశాను. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. అక్షరాలు బాగుంటాయన్నాను గానీ బొమ్మ బాగుంటుందనలేదు. సిస్టరు చూసి, ఇది మనిషా గుమ్మడికాయా అంది. దాని కింద తెలుగులో, ఉర్దూలో, మలయాళంలో ఒక్క ముక్క: ఎక్కడ కోశారో వేలు పెట్టి చూపించండి. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా, ఎంతమంది వెనక నిలబడ్డా, ఆ కాగితం ముందు పెట్టేదాన్ని. ఒక క్వారీ మనిషి ఇంకెవరికీ చెప్పని మచ్చ దాని మీదే చూపించాడు. సర్జను ఒకసారి అది చూసి, నకళ్ళు తీసుకుపోయింది. "యాడ" అన్నవాళ్ళను దిద్దడం మానేశాను. వాళ్ళే నన్ను దిద్దితే వినడం నేర్చుకున్నాను.

మా ఆమె మందులు ఎక్కించుకోవడం అయ్యేదాకా మామా ఇంట్లోనే ఉంది. జుట్టు రాలిపోతే మామా తల మీద కప్పుకునే తన నల్ల షేలా ఇచ్చి కట్టుకోమంది. టికెట్టు తారీకు రెండుసార్లు మార్చింది. బాగయ్యాకే ఊరికి పంపింది. పోయేముందు ఆమె నా దగ్గరికి వచ్చి, మొహమాటపడుతూనే నా చేతులు పట్టుకుంది. ఆ ఐదు వారాల సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. ఆ నవ్వుతోనే ఆమె దాన్ని మరిచిపోయిందని నేను అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

2008లో మా ఆయనకు అబుదాబి అవతల రువైస్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అట్టపెట్టెలకు తాళ్ళు కడుతుంటే ఫోను మోగింది. కడప నుంచి ఆమే. ఏటేటా పరీక్ష చేయించుకుంటోందట, ఏమీ లేదన్నారట. అది చెప్పడానికి కాదు ఫోను చేసింది. వాళ్ళ వీధిలో ఒకామెకు రొమ్ములో గడ్డ కనిపించిందట. మొగుడు రేపు మాపు అంటుంటే, తనే చెయ్యి పట్టుకుని, బస్సెక్కించి, పెద్దాసుపత్రికి తీసుకుపోయిందట.

"ఆడ ఒక కుర్ర డాక్టరు ఫారం రాస్తా, ఆపరేషన్ అయిందా అని అడిగె అక్కా. ఈమె అయిపాయ సారూ అనె. ఆయప్ప రాయబోతాండె. నేను పెన్ను పట్టుకున్యా. యా ఆపరేషన్ సారూ, సక్రమంగా అడుగు అంటి. వేలు పెట్టి సూపియ్యమంటి."

నేను తాడు వదిలేసి నేల మీద కూర్చుండిపోయాను. "తరవాత?"

"బుధవారం తారీకు ఇచ్చినారు," అంది. "నా మాదిరి ఐదు వారాలు పోనియ్యలా అక్కా. ఒక్క దినం గూడా పోనియ్యలా."